విశ్వము జీవుల కొఱకే నిర్మింపబడెనా?

ఆకసమును చూచి ఆశ్చర్యపడని మనుష్యుడు లేడు. అయితే ఇటీవలి కాలమున ఈ ఆశ్చర్యమునకు ఒక క్రొత్త వాదము తోడైనది. విశ్వమును నడిపించు ప్రకృతిసూత్రములందలి సంఖ్యలు కొంచెము అటునిటైనను జీవము పుట్టియుండెడిది కాదనియు, కావున ఆ సంఖ్యలను జీవుల నిమిత్తమే ఎవరో అమర్చియుండవలె ననియు ఆ వాదము. విదేశములందు చదువుకొనుచున్న మన ద్వీపపు బిడ్డలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు ఈ మాట వెంట తెచ్చుచున్నారు. కొందఱు భగవంతుడున్నాడని సైన్సే రుజువు చేసినదని సంతోషించుచున్నారు. మఱికొందఱు ఇదంతయు వట్టి యాదృచ్ఛికము, ఇక గుడికి పోవుట యెందులకని అడుగుచున్నారు. తల్లిదండ్రులకు ఏమి చెప్పవలెనో తోచుట లేదు. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే యని నా అభిప్రాయము. ఎందువలననో చెప్పుటకే ఈ వ్యాసము.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున హెర్న్‌డన్ అను చిన్న పట్టణము కలదు. వాషింగ్టను నగరమునకు చెందిన డల్లెస్ విమానాశ్రయము దాని ప్రక్కనే యున్నది. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. ఊరికి కొద్ది మైళ్ల దూరమున, విమానాశ్రయపు దక్షిణపు అంచున, స్మిత్సోనియన్ సంస్థవారి ఉడ్వర్-హేజీ ప్రదర్శనశాల కలదు. డిస్కవరీ అను అంతరిక్షనౌక 39 యాత్రలు ముగించిన పిమ్మట దానిని 2012వ సంవత్సరము ఏప్రిలు నెలలో అచ్చటికి చేర్చిరి. 1990 ఏప్రిలు 24వ తేదీన హబుల్ దూరదర్శినిని ఆకసమునకు మోసికొనిపోయినది ఈ నౌకయే.

ఆ దూరదర్శినితోను, భూమిపైనున్న ఇతర దూరదర్శినులతోను ప్రేలిపోవుచున్న సుదూర నక్షత్రములను పరిశీలించి, విశ్వము విస్తరించుటయే గాక ఆ విస్తరణము నానాటికి వేగము పుంజుకొనుచున్నదని రెండు శాస్త్రజ్ఞబృందములవారు 1998లో ప్రకటించిరి. ఆ వేగమునకు కారణమైన శక్తి శూన్యమునందే ఇమిడియున్నదని తలచుచున్నారు. చిక్కేమనగా, సిద్ధాంతము ననుసరించి స్థూలముగా లెక్కించిన యెడల ఆ శక్తి కొలతకు వచ్చినదానికన్న 1 ప్రక్కన 120 సున్నలు చేర్చినన్ని రెట్లు ఎక్కువగా నుండవలెను. నిజముగా అది కొన్ని వందల రెట్లు ఎక్కువగా ఉండినను, పదార్థము కూడుకొని నక్షత్రమండలములుగా ఏర్పడుటకు వ్యవధి యుండెడిది కాదు. స్టీవెన్ వైన్‌బర్గ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1987లోనే, అనగా కొలతకు పదునొకండేండ్ల ముందే, ఇట్టి హద్దు నొకదానిని లెక్కగట్టెను. ఆ సంఖ్య అంత చిన్నదిగా నుండుటకు అందఱును అంగీకరించిన కారణము నేటికిని లేదు.

ఇన్ని సున్నలు చెప్పిన మనస్సున నాటవు. కర్బనపు కథ అట్లు కాదు. దానిని కొంచెము నిదానముగా చెప్పుకొందము.

మన దేహమునకును, మన పంటకును మూలద్రవ్యము కర్బనము. మన తోటల చెఱకునుండి తీసిన పంచదారలో ఒక్కొక్క అణువునందు పన్నెండు కర్బన పరమాణువులు కలవు. విశ్వారంభమున మొదటి కొన్ని నిమిషములలో ఏర్పడినవి ముఖ్యముగా ఉదజనియు, హీలియమును మాత్రమే, కర్బనము లేదు. అది తరువాత నక్షత్రగర్భములలో హీలియమునుండి వండబడినది. కావున హీలియము తెలియనిదే కర్బనము తెలియదు.

ఆ హీలియము జాడ మొదట కనబడిన చోట్లలో మన పెద్దల తెలుగునేలయు ఒకటి. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దాని ఛాయ కృష్ణా గుంటూరు మండలముల మీదుగా సాగినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరునందును, మద్రాసు వేధశాలాధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నమునందును పరికరములు అమర్చుకొని కూర్చుండిరి. గ్రహణసమయమున స్నానము చేసి జపము చేసికొనుట మనవారి ఆచారము. వారి జపము వర్ణపటదర్శిని ముందు సాగినది. సూర్యుని అంచున ఎగయు జ్వాలల వెలుగును విడదీసి చూడగా ప్రకాశవంతమైన గీతలు కనబడెను. ఆ జ్వాలలు మండుచున్న వాయువులేనని దానితో తేలినది. గ్రహణము లేకయే ఆ జ్వాలలను చూచు ఉపాయము జాన్సెన్‌కు తట్టి, మఱునాటి ఉదయమే గుంటూరులో చూచెను. గీతలలో ఒక పసుపుపచ్చ గీత యుండెను. అది సోడియపు గీతయో, దాని సమీపమున నున్న వేఱొక గీతయో యని పాగ్సన్ సందేహించెను.

హీలియమును గుంటూరులో కనుగొనిరని మనవారు గర్వముగా చెప్పుకొనుట కలదు. అది పూర్తిగా సరికాదు. ఆ పసుపు గీత సోడియమునకు చెందనిదని, సూర్యునియందు భూమిపై తెలియని మూలకమున్నదని నిర్ణయమునకు వచ్చినవాడు ఇంగ్లండులోని నార్మన్ లాకియర్. అదియు అదే సంవత్సరము అక్టోబరు తరువాత. గ్రీకు భాషలో సూర్యుని పేరు హీలియోస్ కనుక దానికి హీలియమను పేరు వచ్చినది. 1895లో విలియం రామ్సే దానిని ఒక ఖనిజమునుండి వెలికితీయువఱకు చాలమంది నమ్మలేదు. కీర్తి ఎవరిదైనను, సందేహము మచిలీపట్నపు ఇసుకపై పుట్టినదనుట నిజము.

ఇక హీలియమునుండి కర్బనము. రెండు హీలియపు కేంద్రకములు కలిసిన బెరిలియపు కేంద్రక మొకటి ఏర్పడును. అది నిలువదు. ఒక్క సెకనును నూరు కోటి కోట్ల భాగములు చేసిన ఒక భాగమంతటి కాలములో విడిపోవును. ఆ లోపుననే మూడవ హీలియము వచ్చి తగులవలెను. తగిలినను అతుకుకొనుట అరుదు. ఈ లెక్కన నక్షత్రములలో కర్బనము మిక్కిలి స్వల్పముగా నుండవలెను. కాని కావలసినంత యున్నది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ 1953లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు వెళ్లి, కర్బన కేంద్రకమునకు ఇంతవఱకు గుర్తింపబడని యొక శక్తిస్థాయి ఉండి తీరవలెనని, దాని స్థానమును కూడ చెప్పెను. ఉయ్యాలను దాని ఊపునకు సరిపడు సమయమున త్రోసిన పిల్లవాని చేతులతోనైనను ఎత్తునకు లేచును. సమయము తప్పిన బలవంతుడు త్రోసినను లేవదు. ఆ శక్తిస్థాయి అట్టి ఊపు వంటిది. అచ్చటి ప్రయోగశాలవారు మొదట నమ్మకపోయినను పరీక్షించి చూచిరి. సుమారు 76 లక్షల 50 వేల ఎలక్ట్రాన్ వోల్టుల యొద్ద ఆ స్థాయి నిజముగనే కనబడినది. మఱియొక వింత కలదు. కర్బనమునకు ఇంకొక హీలియము చేరి ఆమ్లజని యగును. అచ్చట ఇట్టి స్థాయి కొంచెము దిగువగా నుండుటచేత కర్బనమంతయు ఆమ్లజనిగా మాఱిపోక మిగిలినది. ఊపిరికి ఒకటి, దేహమునకు ఒకటి, రెండును దక్కినవి.

హాయిల్ భక్తుడు కాడు. అయినను ఈ అమరికను తలచుకొని, తెలివి గలవాడెవడో భౌతికశాస్త్రముపై చేయి చేసికొన్నట్లున్నదను అర్థము వచ్చునట్లు 1981లో వ్రాసెను. ఇప్పటి వాదములకు అది పెద్ద ఊతమైనది.

ఇచ్చట రెండు విషయములు మఱువరాదు. 1953లో హాయిల్ చూచినది నక్షత్రములలోని మూలకముల పాళ్లను. జీవమును గూర్చిన మాట దానికి జోడింపబడినది చాల కాలము తరువాత. రెండవది, ఆ అమరిక కత్తి అంచు మీద నిలిచినదని చెప్పుట అతిశయోక్తి. మూడు హీలియముల మొత్తము శక్తికిని, ఆ స్థాయికిని నడుమ నున్న ఎడము సుమారు 3,80,000 ఎలక్ట్రాన్ వోల్టులు. దానిని మఱి 60,000 పెంచి చూచినను, అనగా ఎడములో సుమారు ఆఱవ వంతు చేర్చినను, పుట్టెడి కర్బనము అంతగా మాఱదని 1989లో లెక్కించి చూపిరి. ఇటు వైపు మాట కూడ చెప్పవలెను: కేంద్రకములను పట్టియుంచు బలమే అర శాతము మాఱిన పక్షమున కర్బనమో ఆమ్లజనియో దాదాపు లేకుండ పోవునని 2000లో మఱియొక బృందమువారు లెక్కించిరి. కావున ఆశ్చర్యము నిజమైనదే. దాని కొలతను మాత్రము పెంచి చెప్పరాదు.

ఆశ్చర్యమునుండి అమర్చినవానికి పోవు దారి ఎట్టిది? బ్రాండన్ కార్టర్ అను శాస్త్రజ్ఞుడు 1973లో పోలండు దేశపు క్రాకోలో ఒక హెచ్చరిక చేసెను. చూచువాడు ఉండుటకు వీలైన విశ్వమే చూడబడును గనుక, అది మనకు అనుకూలముగా కనబడుటలో కొంత భాగము మన చూపువలననే వచ్చినదని దాని సారము. ఇట్టి విశ్వములు లెక్కకు మిక్కిలిగా నుండి, వానిలో జీవమునకు చోటిచ్చిన దానిలో మనమున్నామని చెప్పువారును కలరు. ఆ తక్కిన విశ్వములను చూచినవారు లేరు. కనుక ఆ నమ్మకమును నమ్మకమే.

మన ద్వీపమునే చూడుడు. క్రొత్తగా వచ్చినవాడు ఇచ్చటి పొలములను చూచిన యెడల, చెఱకు కొఱకే మారిషస్‌ను దేవుడు చేసెననుకొనును. కాని చెఱకు ఈ నేల మొక్క కాదు; 1639లో డచ్చివారు జావానుండి తెచ్చిరి. పొలముల నడుమ గోపురములవలె పేర్చియున్న నల్లరాళ్ల కుప్పలు నేలకు పుట్టుకతో వచ్చినవి కావు; నేలనుండి ఒక్కొక్క రాయిని పెల్లగించి మోసినవారు కూలీలు. కోరంగి, విశాఖపట్టణముల నుండి ఓడలెక్కి వచ్చిన మన ముత్తాతలును వారిలో ఉండిరి. ఇచ్చట అమరిక నిజముగా నున్నది, అమర్చినవారును ఉన్నారు. అయితే వారు అనేకులు, దేహము గలవారు, వేఱువేఱు కాలములవారు, సర్దారు కేకలకు వెఱచి పని చేసినవారు. డోడో పక్షికి బుద్ధియుండి ఆలోచించియుండిన, ఈ ద్వీపము రెక్కలతో పనిలేని తన కొఱకే నిర్మింపబడెనని అదియు తలచియుండును. ఆ జాతి పదునేడవ శతాబ్దముననే అంతరించినది.

ఈ రాళ్ల కుప్పల తర్కమును మన ఆచార్యులు ఏనాడో పట్టి చూచిరి. కుండను చూచి కుమ్మరిని ఊహించినట్లు, భూమిని, మొలకను చూచి ఈశ్వరుని ఊహింపవచ్చునని నైయాయికులు వాదించిరి. మిథిలలో ఉదయనాచార్యుడు ఇందు కొఱకు న్యాయకుసుమాంజలి యను గ్రంథమునే రచించెను. ఆంధ్రుడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున బాలురకు తర్కము నేర్పుచు ఇదే అనుమానమును చెప్పెను. అమెరికానుండి మన బిడ్డలు తెచ్చిన వాదము, సంఖ్యలు తీసివేసిన యెడల, ఇదియే.

దీనిని ఖండించినవారు నాస్తికులని తలచిన పొరబాటు. వేదమునే ప్రమాణముగా గొన్న కుమారిలభట్టు సృష్టికర్తను అంగీకరింపలేదు. సృష్టికి ముందు దేహము లేని కర్త ఏ ప్రయోజనమునకై ఎట్లు చేసెనని అడిగెను. అంతకన్న ఆశ్చర్యము భగవద్రామానుజులది. విష్ణుభక్తికి మేరువు వంటి ఆ మహనీయుడు శ్రీభాష్యమున కుండ-కుమ్మరి వాదమును నిలిపి నిలిపి ఖండించెను. భూమియు, పర్వతములును, సముద్రములును అన్నియు ఒకే కాలమున ఒకనిచేతనే చేయబడెననుటకు సాక్ష్యమేది? అనేకులు వేఱువేఱు కాలములందు చేసియుండరాదా? లోకమున మనము చూచు కర్తలందఱును దేహము గలవారే గనుక, ఈ అనుమానము తేల్చునది మన వంటి జీవునే గాని పరమాత్మను కాదు గదా? ఇవి ఆయన ప్రశ్నల తాత్పర్యము. భగవంతుడు శాస్త్రమువలననే తెలియదగినవాడు, తర్కమువలన కాదని ఆయన నిర్ణయము. స్కాట్లండు తత్త్వవేత్త హ్యూమ్ గ్రంథము ఇట్టి ఆక్షేపణలతోనే 1779లో వెలువడినది. రామానుజులు అంతకు ఆఱువందల యేండ్లకు పైబడిన పూర్వులు. హ్యూమ్ చేతిలో ఆ వాదము మతమునకు ఎదురు నిలిచినది. రామానుజుల చేతిలో అదే భక్తికి పునాది శుద్ధి చేసినది. ఈ భేదము మన బిడ్డలకు ఎవరును చెప్పుటలేదనునదే నా బాధ.

హెర్న్‌డన్ ప్రక్కనున్న నౌక మోసిన దూరదర్శినియే దీనికి మంచి దృష్టాంతము. ఆకసమునకు పోయిన పిమ్మట దాని పెద్ద అద్దము అంచున రెండు మైక్రానుల మేర, అనగా తలవెండ్రుక మందములో కొన్ని పదుల వంతు, ఎక్కువగా అరగదీయబడినదని తెలిసినది. 1993 డిసెంబరులో వ్యోమగాములు పోయి దిద్దుబాటు పరికరము లమర్చిరి. ఆ అద్దమును చూచినవానికి చేసినవారు ఉన్నారని తెలియును. వారు పొరబడగలరనియు తెలియును. రచనను బట్టి రచయితను కొలుచువాడు లోపమును కూడ ఆయన లెక్కలోనే వేయవలసి వచ్చును.

ఇదే అసలు కష్టము. విశ్వము జీవము కొఱకు అమర్చబడినదని ఒప్పుకొన్నను, జీవుల కొఱకు అమర్చబడినదని దానివలన తేలదు. పాగ్సన్ పసుపు గీతను చూచిన మచిలీపట్నమునందే, అప్పటికి నాలుగేండ్లు నిండక మునుపు, 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. మన పెద్దలు ఓడలెక్కిన కోరంగి రేవు 1839 నవంబరు తుపానుతో పాడైనది. 1960 ఫిబ్రవరిలో మన ద్వీపముపై పడిన కరోల్ తుపానును చూచిన వృద్ధులు మన గ్రామములలో నేటికిని ఉన్నారు. సిమెంటు ఇండ్లు ఇంతగా వెలసినది దాని తరువాతనే. హెర్న్‌డన్ పట్టణపు పేరు కూడ సముద్రము చెప్పినదే. విలియం లూయిస్ హెర్న్‌డన్ అను నౌకాధిపతి 1857 సెప్టెంబరులో తుపానున చిక్కిన సెంట్రల్ అమెరికా అను ఓడనుండి స్త్రీలను, పిల్లలను వేఱొక ఓడకు పంపివేసి, తాను ఓడతోపాటు మునిగిపోయెను. కర్బనమును అంత నేర్పుగా వండిన ప్రకృతియే ఈ గాలిని, ఈ నీటిని కూడ కదలించినది.

వేదాంతులు ఈ కష్టమును దాచలేదు. బ్రహ్మసూత్రములందు సృష్టికి ప్రయోజనము చెప్పక దానిని లీల యనిరి. అవసరము లేనివాడు అవసరము కొఱకు చేసెననుట పొసగదు గదా. వెంటనే, మఱి ఈశ్వరునికి పక్షపాతము, నిర్దయ అంటవా యని ప్రశ్న వేసికొని, ప్రాణుల కర్మను అనుసరించియే ఆయన ఫలమిచ్చునని సమాధానము చెప్పిరి. ఆ సమాధానము సిద్ధాంతమున తన చోట నున్నది. కాని తుపానులో బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో దానిని చెప్పబోవుట మాత్రము అమానుషము. ఆమె యింటికి అన్నము మోసికొనిపోయిన ఇరుగుపొరుగు ఆ వేళకు సరియైన మాట ఎఱిగినవారు.

లీల అనిన మాటలో మఱియొక సూక్ష్మము కలదు. అది మనకు గొప్పతనము ఇచ్చుట లేదు. విశ్వమంతయు మన కొఱకే యనుకొనుట భక్తివలె కనబడును గాని, పరికించి చూచిన అహంకారమునకు దగ్గఱ. సింహాద్రి అప్పన్న పేర దీపము పెట్టుకొను మన ఇండ్లలో ఎవరును ఆ దీపమును ఒక సంఖ్యకు సాక్ష్యముగా పెట్టుట లేదు. శాస్త్రజ్ఞులు రేపు ఆ సంఖ్యకు వేఱొక కారణము చూపిన పక్షమున దానిని ఆర్పవలసిన పనియు లేదు.

ఇక బిడ్డల మాట. కర్బనపు శక్తిస్థాయి నిజమని, దానిని ముందుగా చెప్పి పిమ్మట కొలిచిరని వారికి చెప్పుడు. అది మిక్కిలి అందమైన కథ, అందు తెలుగునేల పాలును కలదు. దానివలన దేవుడు రుజువైనాడని చెప్పువారిని రామానుజుల ప్రశ్నలు అడుగుమనుడు. దేవుడు లేడని తేలినదని చెప్పువారిని, చూడని విశ్వములను ఏ ప్రమాణముతో నమ్ముచున్నారని అడుగుమనుడు. ఈ ప్రశ్నలతో తర్కించు బాలుడు గుడికి దూరమగునని భయపడవలదు. మన తర్కశాస్త్రము గుడిప్రాంగణములలో పెరిగినదే.

శాస్త్రజ్ఞులకు మిగిలిన పని వేఱు. ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు 6,000కు పైగా ఇంతవఱకు నిర్ధారింపబడినవి. వానిలో ఒక్కదానియందైనను జీవమున్నదని తేలలేదు. కర్బనము ఆకసమంతట నున్నది. జీవము మనకు తెలిసినంతలో ఒక్క భూమిపైననే యున్నది. ఈ రెంటికి నడుమ నున్న దూరమెంతయో దూరదర్శినులు ఇప్పుడు కొలుచుచున్నవి.